రెట్టింపు కోత

మొన్న శనివారం మా ఇంట్లో నాలుగు డాక్టర్ల కుటుంబాలు భోజనాలకు కూర్చుంటే, ఎప్పటిలాగే మాటలు డ్యూటీల మీదికి మళ్ళాయి. రాత్రింబవళ్ళు చాకిరీ చేశామని ఎవరమూ వాపోలేదు. కాని వరుసగా మూడో పండగకూ తనకే నైట్ డ్యూటీ వేశారనీ, అడిగితే "మీకిక్కడ చుట్టాలెవరూ లేరుగా" అన్నారనీ చెబుతుంటే మాలో ఒకరి గొంతు వణికింది. అది విని మాకు మారిషస్ వలసదారుల అర్జీ గుర్తుకొచ్చింది.

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ 36 మంది భారతీయ కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. బానిసత్వం రద్దవుతున్న రోజులు. చెరకు తోటలకు మనుషులు కావాలి. అయిదేళ్ళ ఒడంబడిక, నెలకు 5 రూపాయల జీతం, తిండీ బట్టా. తరువాత మన కోరంగి రేవు నుంచీ ఓడలు వెళ్ళాయి. అక్కడి తెలుగువారికి 'కోరంగీలు' అన్న పేరు అలా వచ్చిందే.

చెరకు కొట్టడం కష్టమని వాళ్ళకు తెలియనిది కాదు. మనసులో గుచ్చుకున్నది 'డబుల్ కట్'. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోస్తారు. హాజరు వేసేది యజమాని మనిషే. జ్వరపడ్డవాడు నిజంగా జ్వరపడ్డాడా లేదా అన్నది తేల్చేదీ ఆ పక్షమే. వైద్యులుగా ఈ ముక్క దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం.

1866లో మలేరియా ఆ దీవిని కమ్ముకుని రెండేళ్ళలో వేలకు వేల మందిని పొట్టన పెట్టుకుంది. సరిగ్గా ఆ మధ్యలోనే, 1867లో, కొత్త చట్టం తెచ్చారు. ఒడంబడిక తీర్చుకుని స్వతంత్రులైన 'పాత వలసదారులు' ఫోటో అంటించిన చీటీ, పోలీసు పాసు వెంట ఉంచుకోవాలి. అవి లేకుండా దొరికితే దేశదిమ్మరి కింద పట్టుకుపోతారు. అయిదేళ్ళూ మాట నిలబెట్టుకున్నవాడిని మళ్ళీ దొంగలా నిలదీయడమన్నమాట! కొత్తగా వచ్చినవాడికంటే వీళ్ళకే కడుపు ఎక్కువ మండిందంటే ఆశ్చర్యమేముంది?

1871లో అడాల్ఫ్ డి ప్లేవిట్జ్ అనే యూరోపియన్ వారి గోడు అర్జీగా రాసిపెట్టాడు. 9,401 మంది పేర్లతో అది గవర్నరు ఆర్థర్ గోర్డన్‌కు చేరింది. తోటల యజమానులు భగ్గుమన్నారు. డి ప్లేవిట్జ్‌ను నడివీధిలో కొట్టారు, దేశం నుంచి వెళ్ళగొట్టమన్నారు. విచిత్రం, అన్యాయం తమకే జరిగిందన్నంత కోపం వారిది! (ఆసుపత్రుల్లో డ్యూటీ చార్టు మార్చమన్నప్పుడు అలాంటి ముఖాలు మేమూ చూశాం.) గోర్డన్ వెళ్ళగొట్టలేదు. 1872లో రాయల్ కమిషన్ వచ్చింది. 1875 నాటి దాని నివేదిక అర్జీలోని ఫిర్యాదుల్లో చాలావాటిని నిజమేనంది. 1878లో చట్టం మారింది. డబుల్ కట్ మాత్రం పూర్తిగా పోవడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసివచ్చింది.

నాటి వలస రిజిస్టర్లూ ఫోటోలూ మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. అప్పట్లో పోలీసుకు చూపడానికి తీసిన ఆ బొమ్మల్లోనే, తాతముత్తాతల ముఖాలను వారి మనవలు నేడు వెదుక్కుంటున్నారు.