యంత్రస్మృతిలో దోషములు

కంప్యూటరులో మనము దాచుకొన్న సమాచారము చెడినచో దిద్దుటెట్లు? ఈ చింత డిస్కులకంటె ముందే పుట్టినది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రిచర్డ్ హామింగ్ వారాంతములందు తన లెక్కలను యంత్రమునకు అప్పగించి పోయెడివారు. సోమవారము వచ్చి చూడగా, దోషము తగిలినంతనే యంత్రము లెక్కను విడిచిపెట్టి యుండెడిది. తప్పును గుర్తింపగల యంత్రము దానిని దిద్దుకొనజాలదా యని విసిగి తర్కించి, ఆయన 1950లో దోషసవరణ సంకేతములను ప్రకటించిరి.

1956లో ఐ.బి.ఎం. వారి రామాక్ యంత్రము 50 పళ్లెములపై 50 లక్షల అక్షరములను దాచెను. 1988లో బర్క్‌లీ పండితులు పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనేక డిస్కులను జతపరచి, ఒకటి చెడినను మిగిలినవానినుండి సమాచారమును రాబట్టు 'రెయిడ్' పద్ధతిని వివరించిరి.

నేడు సర్వరులందలి లినక్సు వ్యవస్థ డిస్కు దోషములను చిట్టాలో వ్రాసిపెట్టును. దానిని మనము చదువకున్నచో, మొదటి డిస్కును మార్చకమునుపే రెండవదియు చెడవచ్చును. కావున దోషము కనబడినంతనే ముందు ప్రతి తీసికొని, పిమ్మటనే మరమ్మతునకు పూనుకొందము.