పందిరి వేసిన చేతులు

భర్త పోయిన ఆడదాన్ని ‘పందిరి లేని తీగ’ అనడం మనకి అలవాటు. బీఏ తెలుగు చదివినదాన్ని కదా, ఆ పోలిక ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. కావ్యాల నిండా లతలే! కాళిదాసు శాకుంతలంలో నవమల్లిక తీగకి వనజ్యోత్స్న అని పేరు. అది పక్కనున్న తియ్యమామిడిని వరించిందని చెలికత్తెలు మురిసిపోతారు. అత్తవారింటికి వెళ్తూ శకుంతల ఆ తీగ దగ్గర సెలవు తీసుకుంటుంది. అందంగానే ఉంటుంది. కానీ నీళ్లు పోసి పెంచింది ఆడపిల్ల. ఆ సంగతి ఎవరికీ పోలికగా పనికిరాలేదు.

తమిళనాట పారి అనే సంగమకాలపు రాజు, ఆసరా లేని అడవిమొల్ల తీగ కోసం తన రథాన్నే వదిలేశాడట. గొప్ప దాతే. వానల్లో నానుతూ ఆ రథం ఎన్నేళ్లు నిలిచిందో మరి! పెరటి పని చేసేవాళ్లకి ఇలాంటి సందేహాలే వస్తాయి.

రైతులు ఇంకాస్త పొదుపు తెలిసినవాళ్లు. మెక్సికో వైపు కొలంబస్ కంటే ఎంతో ముందు నుంచే మొక్కజొన్న కర్రకి చిక్కుడు పాకించి, కింద గుమ్మడి పరిచేవారు. మన పొన్నూరు ప్రాంతపు ఆకుతోటల్లో ముందు అవిసె పెంచి, అది ఎదిగాక తమలపాకు తీగ నాటతారు. అవిసె గుంజా అవుతుంది, నీడా ఇస్తుంది.

మా పెరట్లో ఆ పని అమ్మమ్మది. తాతయ్య పోయేనాటికి ఆవిడకి 30 దాటలేదు. ఏటా తొలకరికి బీర, పొట్ల, ఆనప పాదులకి పందిరి తనే వేసుకునేది. నాలుగు సరుగుడు గుంజలు, పైన వెదురు బద్దలు, ఆ మీద కందికంప. పాదులు ఎండాక కొబ్బరితాళ్లని కోయకుండా ఓపిగ్గా ముళ్లు విప్పి చుట్టి పెట్టేది. గుంజలు చూరు కిందకి చేరేవి. భూమిలో ఉన్న కొస పుచ్చితే అంతమేర నరికేసి, మళ్లీ ఏడు అదే గుంజ పాతేది. అందుకే మా పందిరి ఏటేటా కాస్త కురచయ్యేది. చివరికి వంగి కాయలు కోసేవాళ్లం. ఆవిణ్ణి కూడా ‘పందిరి లేని తీగ’ అన్నారు, ఆ పందిరి పొట్లకాయలే పట్టుకెళ్తూ.

టమాటా దారి వేరు. అండీస్ కొండల వైపు నుంచి వచ్చిన మొక్క, మావైపు పెద్దవాళ్లకి రామములక్కాయ. దానికి బీరకున్నట్టు నులితీగలుండవు, తనంతట తాను దేన్నీ పట్టుకోలేదు. నేల మీద వాలితే కాయ కుళ్లుతుంది. మదనపల్లె వైపు రైతులు కట్టెలు పాతి, తీగలు లాగి కడతారు. అమెరికాలో ఇంటితోటల వాళ్లు కాంక్రీటులో వేసే ఇనుప జాలీని గుండ్రంగా చుట్టి బోను చేశారు. దాని గళ్లు 6 అంగుళాలు, చెయ్యి దూర్చి కాయ కోసుకోవచ్చు. కోళ్లజాలీతో చేస్తే కాయ పండడం చూస్తూ కూర్చోవడమే.

డాబా మీద నావీ అవే బోన్లు. 5 అడుగుల ముక్క చుడితే అడ్డంగా 19 అంగుళాలు వస్తుంది, తొట్టి కూడా లోపలే పడుతుంది. కమ్మీల కొసలు వంచి అవతలి కమ్మీకి కొక్కేల్లా తగిలిస్తాను. కాపు అయ్యాక విప్పితే చాపలా పరుచుకుంటుంది, గోడకి ఆనించేయొచ్చు. మొక్క జానెడు ఉండగానే బోను దించాలి, పెరిగాక దించితే కొమ్మలు విరుగుతాయి. గాలికి పడకుండా పిట్టగోడకి ఓ తాడు కట్టాలి.

మావారి బదిలీలకి నాలుగు ఇళ్లు మారాం. ప్రతిసారీ మంచం చెక్కలతో పాటు ఈ జాలీలు కూడా లారీ ఎక్కాయి. మొన్న పక్కవాటా అమ్మాయి కాకరపాదు పెడతానంటే రెండు ఇచ్చాను. కాకరకి ఆ ఎత్తు చాలదు, పైనుంచి తాళ్లు లాగమని చెప్పాను.