నాణెము – నమ్మకము – నగరము

మాదాపురమునందలి సైబర్ టవర్సును 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభించిరి. అటుపిమ్మట గచ్చిబౌలి వఱకును గుట్టలు కరగి మేడలు లేచినవి. వానిని జూచి దేశము బలపడినదని సంతసించువారు పెక్కుమంది. కాని యొక దేశమునకు లోకపు సంతలో పోటీపడు శక్తి మేడలవలన గలుగునా, మఱియొకదానివలన గలుగునా యని విచారింపవలసియున్నది. ఈ విచారమునకు డాక్టరు యాగా వేణుగోపాలరెడ్డిగారి యుద్యోగచరిత్రము మిక్కిలి తోడ్పడును.

రెడ్డిగారు 1941లో కడప జిల్లా పాటూరున జన్మించిరి. మదరాసు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమునందు ఎం.ఏ. పట్టమును, ఉస్మానియాయందు డాక్టరు పట్టమును బొందిరి. 1964లో ఐ.ఏ.ఎస్.లో ప్రవేశించిరి. 1991లో దేశమునకు ఘోరమైన యిక్కట్టు సంభవించినపుడు వారు ఢిల్లీయందు ఆర్థికశాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారము జూచుచుండిరి. ఆ యేడు జూలైలో రిజర్వుబ్యాంకు సుమారు 47 టన్నుల బంగారమును విదేశీ బ్యాంకులకడ కుదువబెట్టవలసివచ్చెను. ఇంటి నగలు తాకట్టునకు బోయిన నాటి దుఃఖమును గృహిణులకు మేము వివరింప నక్కఱలేదు.

తరువాత రంగరాజన్‌గారి యధ్యక్షతను నియమింపబడిన సంఘమునకు రెడ్డిగారు సభ్యకార్యదర్శులైరి. రూపాయి వెలను శాసనముచే బిగించుట మాని, క్రమముగా విపణికి విడుచు పద్ధతి 1993లో నెలకొనెను. దీనికిని హైటెక్ సిటీకిని సంబంధ మేమన, అచటి యువకుని శ్రమకు వెల డాలర్లలో వచ్చును. రూపాయి వెల కృత్రిమముగా హెచ్చైనచో మన పని విదేశీయునకు ప్రియమగును. ఆతడు మఱియొక దేశపు గుమ్మము ద్రొక్కును. 1997 ఆగస్టులో డిప్యూటీ గవర్నరుగా నున్న రెడ్డిగారు గోవా సభలో రూపాయి వెల హెచ్చుగా నున్నదను సూచన జేయగా విపణి కలవరపడెను. అప్రియమైనను హితమును బలుకుట వారికి వ్రతము.

2003 మొదలు 2008 వఱకు వారు రిజర్వుబ్యాంకు గవర్నరులు. ఆ కాలమున భూముల ధరలు మిన్నంటుచుండెను. వాణిజ్య కట్టడముల ఋణములకు బ్యాంకులు మూలధనము లెక్కించు భారమును వారు 100 పాళ్లనుండి 2005లో 125కును, 2006లో 150కిని బెంచిరి. వృద్ధికి అడ్డువచ్చుచున్నారని యాక్షేపించినవారు లేకపోలేదు. వారు పదవి విడిచిన పది దినములకు, 2008 సెప్టెంబరు 15న, అమెరికాయందు లేమన్ సంస్థ కూలెను. మన బ్యాంకులు నిలిచినవి. ఇది యొక్కరి ఘనత యనము. ముందుచూపు ఫలించినదనుట మాత్రము నిజము.

పిమ్మట వారి యధ్యక్షతను 14వ ఆర్థికసంఘము కేంద్రపు పన్నులలో రాష్ట్రముల పాలు 32 నుండి 42 శాతమునకు హెచ్చింప సిఫారసు చేయగా 2015లో ప్రభుత్వ మంగీకరించెను. పాఠశాలలు, వైద్యశాలలు రాష్ట్రముల చేతిలోనివి గదా! పల్లెబిడ్డకు చదువు లేనిచో రేపు ఆ మేడలలో గూర్చుండువా రెవరు?

అప్పు తెలిసి చేయుట, మంచికాలమున కొంత నిలువయుంచుట, బిడ్డల చదువునకు వెనుదీయకుండుట—ఇవియే గృహమునకును రాజ్యమునకును బలము. మేడలు ఆ బలమునకు ఫలములే కాని మూలములు కావు. చదువరులు తమ పిల్లలకు ఆ మేడలను జూపునపుడు ఈ సంగతినిగూడ జెప్పుదురుగాక.