చదివి వినిపించిన చట్టం

తాసీల్దారు మకాం వస్తున్నాడంటే నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెలో కిరాణా వర్తకుడి గుండెల్లో రాయి పడేది. బియ్యం, పప్పు, నెయ్యి అతని కొట్టు నుంచే పోవాలి, ధర మాత్రం అధికారి పరివారం చెప్పిందే. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి, మాదిగ బరువులు మోయాలి. కూలి మాట ఎత్తకూడదు. వెట్టి అంటే ఇదే.

విడ్డూరమేమంటే, వెట్టిని కట్టడి చేసే ఉత్తర్వులు సర్కారు దగ్గరే ఉన్నాయి. కాకపోతే ఉర్దూలో ఉన్నాయి. ఊళ్లో ఉర్దూ చదవగలిగిన వాళ్లెవరయ్యా అంటే పటేలు, పట్వారీ, దొరగారి గుమాస్తా. ఉత్తర్వు బయటపడితే నష్టపోయేది వాళ్లే.

ఈ ముడిని విప్పే పని తలకెత్తుకున్నది గ్రంథాలయాలు నడిపినవాళ్లు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. వెనక కొమర్రాజు లక్ష్మణరావు బుర్ర, మునగాల రాజా నాయని వెంకట రంగారావు అండ ఉన్నాయి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, మరుసటేడు సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. మొదట్లో వీటి ధ్యాసంతా భాష మీదే. తెలుగు పుస్తకం దొరకడమే గగనమైన చోట అది చిన్న పనేమీ కాదు.

అసలు మలుపు 1921 నవంబరులో వచ్చింది. హైదరాబాదులో సంస్కర్త కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకట రామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభ ఎగతాళి చేసింది. ఆ రాత్రే కొందరు టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టారు. అవమానం భాషకు జరిగింది, కానీ సంఘం భాష దగ్గరే ఆగిపోలేదు. అందుకు ప్రధాన కారకుడు మాడపాటి హనుమంతరావని నా అభిప్రాయం. ఆయన గర్జించే నాయకుడు కాడు. ఫైలు చదివే మనిషి. వెట్టిచాకిరి, వర్తక స్వాతంత్ర్యం, చేతివృత్తుల మీద వేసే మోతర్ఫా పన్ను లాంటి వాటిపై సంఘం తెలుగులో చిన్న చిన్న పుస్తకాలు అచ్చు వేయించింది. ఏ పని వెట్టి కిందికి వస్తుంది, ఏది రాదు అన్నది ఊరివాళ్లకు తెలియాలన్నదే వాటి ఉద్దేశం.

అచ్చయినంత మాత్రాన ఊరికి చేరుతుందా? అక్షరమొచ్చిన వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పఠనాలయమంటే చాలాచోట్ల ఓ గది, ఓ బీరువా, పరిచిన చాప. సాయంత్రం ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్లు వింటారు. 1926 నుంచి సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక వారానికి రెండుసార్లు రావడంతో చదవడానికి తాజా సరుకూ దొరికింది. వెట్టి మీది పుస్తకం ఇలాంటి చోట చదివితే వినేవాడు ఊరుకుంటాడా? ‘మరి మొన్న నాచేత మోయించిన మూట సంగతేమిటి?’ అంటాడు. అక్కడితో పుస్తకం పక్కకు పోయి ఊరు ముందుకొస్తుంది. నా లెక్కలో చర్చ మొదలయ్యేది అప్పుడే.

సర్కారుకూ ఈ సంగతి తెలియకపోలేదు. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద బహిరంగ సభకు ముందుగా అనుమతి తీసుకోవాలి. గ్రంథాలయాల మీదా నిఘా కన్ను పడింది. అయినా నలుగురు కూర్చుని పుస్తకం చదువుకోవడాన్ని నేరమని నిరూపించడం ఏ అమీనుకైనా కష్టమే. 1930లో జోగిపేటలో సురవరం అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగేనాటికి ఈ గదుల్లో తర్ఫీదైన శ్రోతలు సిద్ధంగా ఉన్నారు.

కోస్తాలో కథ వేరు. అక్కడ అయ్యంకి వెంకటరమణయ్య బెజవాడ కేంద్రంగా 1914లోనే గ్రంథాలయ సంఘం కట్టారు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ పడవల్లో పుస్తకాలు పెట్టించారు. పడవ నింపాదిగా పోతుంది, ప్రయాణికుడికి వేరే పని లేదు. అంతకన్నా మంచి పాఠకుడు ఎక్కడ దొరుకుతాడు?

నాకు అందరికన్నా దగ్గరగా అనిపించేది మాత్రం వట్టికోట ఆళ్వారుస్వామి. నల్గొండ జిల్లా మనిషి. వంటపని చేస్తూ చదువు నేర్చుకున్నాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తానే అచ్చు వేయించి, పుస్తకాల మూట భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. కొన్నవాడితో కూర్చుని మాట్లాడటం కూడా ఆ అమ్మకంలో భాగమే. తర్వాత జైలు పాలయ్యాడు. దొరల ఊరినీ మహాసభ కార్యకర్తనూ ‘ప్రజల మనిషి’ నవలలోకి తెచ్చాడు.

ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో పుస్తక బృందాలు బాగానే నడుస్తున్నాయి. పార్కుల్లోనో కాఫీ షాపుల్లోనో కూర్చుని శిల్పం గురించీ అనువాదం గురించీ ముచ్చటగా మాట్లాడుకుంటున్నారు. తప్పు పట్టను. కానీ వీధిలో పొంగే మురుగుకాలువ, పక్క బస్తీలో బడి మానేసిన పిల్ల ఆ చర్చలోకి రావడం అరుదు. ప్రభుత్వ శాఖా గ్రంథాలయానికి వెళ్తే పోటీ పరీక్షల కుర్రాళ్లు, ‘నిశ్శబ్దం పాటించండి’ అనే బోర్డు. ఆ కుర్రాళ్ల అవసరం నిజమైనదే. అయితే గంటసేపు గొంతెత్తి మాట్లాడుకోవడానికి పక్కన ఓ గది ఉండకూడదా?

గదికి డబ్బెక్కడిదంటారేమో. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ఇంటి పన్ను మీద గ్రంథాలయ సెస్సు పెట్టింది. ఆ సొమ్ము స్థానిక సంస్థ నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి, అది బకాయి పడిందన్న వార్తలు మనకు కొత్త కావు. మీ ఊళ్లో ఎవరైనా బృందం కట్టదలిస్తే మొదటి వారానికి నవల వెతకనక్కర్లేదు. ఆ చట్టం తెలుగు ప్రతి ఒకటి, ఎవరింటి పన్ను రసీదైనా ఒకటి తెచ్చుకుంటే రెండు గంటలకు సరిపడా సరుకు ఉంటుంది.