జొన్నలు, కొర్రలు, దేహభారము

ఒకే ధాన్యము ఒక కాలమున ఆకలి తీర్చు అన్నముగను, మరియొక కాలమున ఒడలు తగ్గించు ఔషధముగను ఎన్నబడుట చరిత్రలోని విచిత్రములలో నొకటి. పశ్చిమ కర్నూలు సీమలోని ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల జొన్నలకును, కొర్రలకును ఇట్టి గతియే పట్టినది. నేడు వానిని అందమైన పొట్లములలో నుంచి, బరువు తగ్గించునవని అమ్ముచున్నారు. ఈ మాట యెంతవరకు నిజమో పరిశీలింతము.

ఈ నమ్మకము క్రొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానము 21వ అధ్యాయమున స్థూలకాయులకు చెప్పిన ఆహారములలో కొర్రలు, జొన్నలు, ఆరికలు, పెసలు, ఉలవలు కలవు. తిన్నంతనే అరగిపోక, దేహమును మిక్కిలి పోషింపని ఆహారము స్థూలునకు హితమని ఆ శాస్త్రము చెప్పును.

అయితే ఈ ధాన్యములనే నిత్యము తిన్న ఈ సీమవారికి స్థూలకాయము గాక, కృశించుటయే భయకారణముగా నుండెను. ఆదవాని నాడు బళ్లారి జిల్లాలోనిది. 1876-78 నాటి ధాత కరువున మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో బళ్లారి, కర్నూలు ముఖ్యమైనవి. 1877లో సర్ రిచర్డు టెంపులు, కరువుపనులలోని పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని నిర్ణయించెను. మదరాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు అందుల కొప్పుకొనలేదు. రెక్కల కష్టము చేయువానికి పౌనున్నర ధాన్యమును, పప్పును, కూరలును లేనిదే బలము నిలువదని వాదించెను. తుదకు మదరాసు ప్రభుత్వము ఆ కొలతను కొంత పెంచక తప్పలేదు. ఏమి తిన్నారనుటయే కాక, ఎంత తిన్నారనుటయు దేహమును నిర్ణయించునని ఆ వాదము మనకు బోధించుచున్నది.

1953లో ఆదవాని ఆంధ్రరాష్ట్రమున చేరెను. తుంగభద్ర దిగువ కాలువ వచ్చి కొన్ని మెట్టపొలములు మాగాణులైనవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. క్రమముగా పెక్కు ఇండ్లలో జొన్నసంకటి, కొర్రన్నముల చోటు వరియన్నము ఆక్రమించెను. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించుటతో మరల వానికి గౌరవము హెచ్చినది.

ఇక లెక్కలు చూతము. జాతీయ పోషకాహార సంస్థ వెలువరించిన ప్రసిద్ధ పట్టికల ప్రకారము, నూరు గ్రాముల బియ్యమున 345, జొన్నలలో 349, కొర్రలలో 331 కిలోకాలరీల శక్తి కలదు. భేదము స్వల్పము. కాని పీచు బియ్యమున 0.2 గ్రాము కాగా, కొర్రలలో 8 గ్రాములు. పీచు కడుపు నిండిన తృప్తి నిచ్చును గనుక కొందరు తక్కువ తిందురు. ఆ తక్కువ తినుటయే బరువును తగ్గించును గాని, ధాన్యమున వేరొక మహిమ లేదు. రొట్టెకు నెయ్యియు, వేరుసెనగ పొడియు విరివిగా చేర్చినచో ఆ లాభమును పోవును.

మాత్రల సంగతి ఇంతకంటె దుర్బలము. మలబారు చింత సారమును 1998లో అమెరికాలో 135 మందిపై 12 వారములు పరీక్షింపగా, ఉత్తుత్తి మాత్రలకంటె అది ఎక్కువ బరువు తగ్గింపలేదు. సిబుట్రమీను అను మందు గుండెకు హానికరమని 2011లో మనదేశమున నిషేధింపబడెను. అట్టి మందును రహస్యముగా కలిపిన మాత్రలు పలుదేశములలో పట్టువడినవి.

కావున మాత్రలపై పెట్టు ధనమును పప్పు, కూరగాయలకు వినియోగించుట మేలని మేము తలంతుము. కొర్రన్నమైనను, వరియన్నమైనను మితముగా తిని, ఒడలు వంచి పని చేయవలెను. మధుమేహము గలవారు వైద్యుని యడిగి ఆహారమును మార్చుకొనవలెను. జొన్నరొట్టె మంచి యాహారము. అది మందని చెప్పి రెట్టింపు వెల యడుగువానిని మాత్రము నమ్మ నక్కరలేదు.