పగిలిన గాజు, తేలిక కాంక్రీటు: ఒక చారిత్రక పరిశీలనము

పగిలిన సీసాకు చివరి చోటు పెంటకుప్పయే యని మనము తలంతుము. గాజు కుళ్లదు, తుప్పు పట్టదు. మరల కరగించి సీసాలు చేయవచ్చును గాని, పలురంగుల ముక్కలు, పింగాణి పెంకులు కలసిన గాజును కర్మాగారములు తీసికొనుటకు వెనుదీయును. అట్టి గాజు కట్టడములలోనికి ఎట్లు ప్రవేశించినదో, దానికిని మన పూర్వుల పనితనమునకును గల సంబంధ మెట్టిదో తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

గాజుతో కట్టడపు బరువు తగ్గించుట ప్రాచీనమైన యూహయే. అగ్నిపర్వతముల నుండి వెలువడు నురుగురాయి నిజమునకు బుడగలతో నిండిన సహజమైన గాజు. రోము నగరమున హాడ్రియన్ చక్రవర్తి కాలమున, క్రీ.శ. 125 ప్రాంతమున, పూర్తియైన పాంథియన్ ఆలయపు గుమ్మటము 43 మీటర్లకు పైగా వెడల్పు గలది. దాని క్రింది భాగమునందలి కాంక్రీటులో ఇటుక ముక్కలను, శిఖర భాగమున తేలికయైన నురుగురాతిని కలిపిరి. ఆ గుమ్మటము నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది.

తెలుగునాట ఇటుకతోనే ఈ తేలికదనమును సాధించిరి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిర్మింపించిన రామప్పగుడి శిఖరపు ఇటుకలు నీటిపై తేలునంత తేలికైనవి. వ్యర్థమును వాడుకొనుటయు మనవారికి క్రొత్త గాదు. పగిలిన ఇటుకలను దంచి, ఆ సుర్ఖీని సున్నముతో కలిపి, ఎడ్లు త్రిప్పు గానుగలో నూరి గచ్చు సిద్ధపరచెడివారు. కాలిన మట్టియందలి సిలికా సున్నముతో కలసి నీటికి కరగని గట్టి బంధమగును.

ఆధునిక కాలమున గాజును కాంక్రీటులో చేర్చబోగా ఒక చిక్కు ఎదురైనది. కొన్ని కంకరలయందలి సిలికా, సిమెంటునందలి క్షారముతో కలసి జిగురుగా మారి, నీటిని పీల్చి ఉబ్బి, కాంక్రీటును పగులగొట్టునని కాలిఫోర్నియా ఇంజనీరు థామస్ స్టాంటన్ 1940లో చూపెను. గాజుముక్కలను కంకరగా వేసినను ఇదియే జరుగును. కాని అదే గాజును సిమెంటువలె మెత్తని పొడి చేసినచో ఫలితము తారుమారగును. ఆ పొడి సున్నముతో కలసి సుర్ఖీవలె బలమిచ్చును. ఉబ్బును సైతము అణచును. ఇట్టి గాజుపొడికి అమెరికాలోని ఏ.ఎస్.టి.ఎం. సంస్థ 2020లో ప్రమాణమును వెలువరించినది.

రెండవ మార్గము నురుగుగాజు. గాజుపొడిలో బొగ్గుపొడి వంటి, వాయువు పుట్టించు పదార్థమును కొంచెము కలిపి, సుమారు 800 నుండి 900 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడి చేసినచో, మెత్తబడిన గాజులో బుడగలు చిక్కుకొనును. చల్లారినపుడు అది పగిలి తేలికైన కంకర యగును. స్విట్జర్లాండు, జర్మనీ, నార్వే దేశములలో దీనిని రోడ్ల క్రిందను, ఇండ్ల పునాదుల క్రిందను పరచుచున్నారు. తేలిక కాంక్రీటులోను వాడుచున్నారు. మనిషి కొలిమిలో చేసిన నురుగురాయి యిది. అయితే కొలిమికి ఇంధనము కావలెను గనుక, ఉచితముగ వచ్చు సరకని భ్రమపడరాదు.

ఇతర రాష్ట్రములందు స్థిరపడిన తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. బొంబాయిలోని కామాఠీపురము, కట్టడపు పనులకై వలసవచ్చిన తెలుగు కామాఠీల పేర వెలసినది. కర్ణాటకమున భోవి, తమిళనాట ఒట్టర్, మహారాష్ట్రమున వడార్ అను పేర్లు గల వడ్డెరలలో అనేకులు నేటికిని ఇంట తెలుగు మాటలాడుదురు. రాతిపని, మట్టిపని వారి కులవృత్తులు. ఇంతటి నిర్మాతల సంతతి చదువు తెలుగు బడులలో గానుగసున్నము, సుర్ఖీ, గచ్చు అను మాటలు చెప్పినచో పిల్లలు ముఖముఖములు చూచుకొనుచున్నారు. సిమెంటు రాకతో ఆ పని మూలబడినది. పనితోపాటు మాటయు పోవుచున్నది.

గాజుపొడి చేయు మేలు సుర్ఖీ చేసిన మేలువంటిదే. కావున మన సంఘములు వృద్ధులైన మేస్త్రీల యొద్దకు వెళ్లి, వారెరిగిన పాళ్లను, పనిముట్ల పేర్లను, పని తీరును వ్రాసి భద్రపరచవలెను. ఆ మేస్త్రీల తరము గడచిన పిమ్మట ఈ పనికి పూనుకొనినను ప్రయోజనము లేదు.