ఒక నల్ల గిటారు, ఒక పాత బాకీ

ముందు అంకెలు చెప్పేస్తాను, కథ తర్వాత.

2004 జూన్ 24న న్యూయార్క్‌లో క్రిస్టీస్ వాళ్ళు పెట్టిన వేలంపాటలో ఒక పాత నల్ల ఎలక్ట్రిక్ గిటారు 9,59,500 డాలర్లకి పోయింది. అప్పటిదాకా వేలంలో ఏ గిటారూ అంత ధర పలకలేదు. దాని ముద్దుపేరు బ్లాకీ. దాన్ని దాదాపు పుష్కరకాలం వాయించినవాడు ఎరిక్ క్లాప్టన్. కొన్నది అమెరికాలో వాయిద్యాలు అమ్మే గిటార్ సెంటర్ అనే కంపెనీ. ఆ డబ్బు వెళ్ళింది ఆంటిగ్వా దీవికి. తాగుడుకీ, మత్తుమందులకీ బానిసలైనవాళ్ళకి అక్కడ వైద్యం చేసే క్రాస్‌రోడ్స్ సెంటర్ అనే సంస్థకి.

వినడానికి చక్కటి కథ. పెద్ద కళాకారుడు, ప్రాణం లాంటి వాయిద్యం, మంచి పని. పేపర్లలో ఇంతవరకే వస్తుంది. కానీ ఈ కథకి ముందు భాగం ఒకటుంది. అది కూడా కలిపి చదివితే 'దానం' అనే మాట సరిపోతుందా అని అనుమానం వస్తుంది. ఆ అనుమానం గురించే ఇదంతా.

ఇంతకీ ఆ గిటారు ఎక్కడిది? 1970లో అమెరికాలోని నాష్‌విల్ ఊళ్ళో ఒక కొట్లో పాత ఫెండర్ స్ట్రాటోకాస్టర్లు చౌకగా దొరికితే క్లాప్టన్ ఒకేసారి ఆరు కొనేశాడు. మూడింటిని స్నేహితులకి పంచేశాడు: జార్జ్ హారిసన్, పీట్ టౌన్షెండ్, స్టీవ్ విన్‌వుడ్‌లకి తలా ఒకటి. మిగిలిన మూడింటినీ విప్పించి, దేంట్లో ఏ భాగం బావుంటే అది తీసి, కలిపి ఒకటి చేయించాడు. 1956, 57 నాటి ముక్కలు అవి. మన భాషలో చెప్పాలంటే అసెంబుల్డ్ పీసీ! సికింద్రాబాద్ సీటీసీలో ఒక కొట్లో మదర్‌బోర్డు, ఇంకో కొట్లో ర్యామ్, మూడో కొట్లో క్యాబినెట్ కొనుక్కుని బిగించుకున్నవాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా చెప్పక్కర్లేదు :)

1973 జనవరిలో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో బ్లాకీ మొదటిసారి స్టేజీ ఎక్కింది. 1985 దాకా క్లాప్టన్‌కి అదే ముఖ్యమైన గిటారు. వాయించీ వాయించీ నెక్ అరిగిపోయాక పక్కన పెట్టాడు. తల భాగంలో తీగల కింద వెలుగుతున్న సిగరెట్ దోపుకునే అలవాటు వల్ల అక్కడ చెక్క కాలి నల్లబడింది. మామూలు వస్తువైతే ఇవన్నీ లోపాలు, ధర తగ్గిస్తారు. ఇక్కడ మాత్రం ఇవే ధర పెంచాయి. 2006లో ఫెండర్ కంపెనీ బ్లాకీకి 275 నకళ్ళు చేస్తే, ఆ సిగరెట్ మచ్చతో సహా దించారు!

దీన్ని బట్టి ఒకటి తెలుస్తోంది. తొమ్మిదిన్నర లక్షల డాలర్లు చెక్కకీ తీగలకీ ఇచ్చినవి కావు. అవి ఆ గిటారు మీద పుట్టిన సంగీతానికి కట్టిన వెల. మరి ఆ సంగీతం ఎక్కడ పుట్టింది? అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

క్లాప్టన్ 1945లో ఇంగ్లండ్‌లోని రిప్లీ అనే పల్లెటూళ్ళో పుట్టాడు. కానీ అతని విద్య అక్కడిది కాదు. అతను నేర్చుకున్నది బ్లూస్. అమెరికా దక్షిణాది పత్తి చేలల్లో పనిచేసిన నల్లజాతి కూలీల మధ్య పెరిగిన సంగీతం అది. రాబర్ట్ జాన్సన్ అనే మిసిసిపీ గాయకుడు 1936లో 'క్రాస్ రోడ్ బ్లూస్' అనే పాట రికార్డు చేశాడు. రెండేళ్ళకి, 27 ఏళ్ళ వయసులో చనిపోయాడు. పెద్దగా పేరూ రాలేదు, డబ్బూ రాలేదు. ఆ పాటనే 1968లో క్లాప్టన్ ఉన్న క్రీమ్ అనే బృందం 'క్రాస్‌రోడ్స్' పేరుతో వాయిస్తే ప్రపంచమంతా ఊగిపోయింది. తర్వాత ఆంటిగ్వాలో పెట్టిన వైద్య కేంద్రం పేరు కూడా అదే.

అమెరికాలో క్లాప్టన్‌కి నంబర్ వన్ తెచ్చిపెట్టిన పాట ఏదో తెలుసా? 1974లో వచ్చిన 'ఐ షాట్ ద షెరిఫ్'. రాసింది బాబ్ మార్లే, జమైకా వాడు. అంటే మిసిసిపీ దగ్గర విద్య, కరీబియన్ దగ్గర హిట్టు. వీటికి తోడు క్లాప్టన్ వేళ్ళలో ఉన్న పనితనం. అది మాత్రం అచ్చంగా అతనిదే, దాన్ని కాదనలేం.

ఇక 1976 ఆగస్టు 5కి వద్దాం. బర్మింగ్‌హామ్ ఓడియన్‌లో కచేరీ. క్లాప్టన్ బాగా తాగి ఉన్నాడు. హాల్లో విదేశీయులుంటే చేతులెత్తమన్నాడు, దేశం వదిలి పొమ్మన్నాడు. నల్లవాళ్ళనీ ఆసియా వాళ్ళనీ బూతు మాటలతో తిట్టాడు. వలస వచ్చినవాళ్ళని తిప్పి పంపెయ్యాలనే ఇనాక్ పావెల్‌ని సమర్థించమన్నాడు. ఈ పావెల్ 1968లో అదే ఊళ్ళో వలసలకి వ్యతిరేకంగా చేసిన ఉపన్యాసం బ్రిటన్‌లో ఇప్పటికీ పెద్ద గాయమే. ఆ రోజుల్లో బర్మింగ్‌హామ్‌లో ఫ్యాక్టరీల్లోనూ బస్సుల్లోనూ పనిచేసిన వేలమంది కరీబియన్ దీవుల నుంచీ, పంజాబ్ నుంచీ వచ్చినవాళ్ళే. స్టేజీ మీద తూలుతూ అన్న మాటే కావచ్చు, కానీ మర్నాడు వీధిలో నడవాల్సింది వాళ్ళు.

ఈ మాటల మీద కోపంతోనే బ్రిటన్‌లో 'రాక్ అగెనెస్ట్ రేసిజం' అనే ఉద్యమం పుట్టింది. నీ సంగీతంలో సగం నల్లవాళ్ళదే కదా అని క్లాప్టన్‌ని నిలదీసి అడిగారు వాళ్ళు. 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో వాళ్ళు పెట్టిన సభకి జనం పోటెత్తారు.

ఇప్పుడు ఆంటిగ్వా సంగతి. ఈ పేరు వినగానే మన క్రికెట్ పిచ్చోళ్ళకి గుర్తొచ్చేది ఒక్కడే, వివియన్ రిచర్డ్స్. ఆంటిగ్వా రాజధాని సెయింట్ జాన్స్ అతని సొంతూరు. అదే 1976 వేసవిలో వెస్టిండీస్ జట్టు ఇంగ్లండ్‌లో పర్యటిస్తోంది. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఇంగ్లండ్ కెప్టెన్ టోనీ గ్రెగ్, సిరీస్ మొదలవకముందే వెస్టిండీస్ వాళ్ళని కాళ్ళబేరానికి తెస్తామని టీవీలో అన్నాడు. క్లాప్టన్ మాటలకి సరిగ్గా వారం తర్వాత, ఆగస్టు 12న, లండన్ ఓవల్‌లో చివరి టెస్టు మొదలైంది. రిచర్డ్స్ 291 కొట్టాడు. మొత్తం సిరీస్‌లో నాలుగే టెస్టులాడి 829 పరుగులు. వెస్టిండీస్ 3-0తో గెలిచింది. ఒకే నెల, ఒకే దేశం. ఒక స్టేజీ మీద కరీబియన్ వాళ్ళని వెళ్ళిపొమ్మంటున్నారు, ఒక మైదానంలో వాళ్ళు ఇలా సమాధానం చెప్తున్నారు.

ఆ ఆంటిగ్వాలోనే 22 ఏళ్ళ తర్వాత, 1998లో, క్లాప్టన్ క్రాస్‌రోడ్స్ సెంటర్ పెట్టాడు.

మధ్యలో ఏం జరిగిందో చెప్పకపోతే అతనికి అన్యాయం చేసినట్టే. 1970ల మొదట్లో క్లాప్టన్ హెరాయిన్‌కి బానిస. 1971 ఆగస్టు 1న రవిశంకర్ అడిగితే హారిసన్ ఏర్పాటు చేసిన బంగ్లాదేశ్ సహాయ కచేరీలో కూడా ఆ స్థితిలోనే వాయించాడు. హెరాయిన్ వదిలించుకున్నాక తాగుడు పట్టుకుంది. 1982లో అమెరికాలోని హేజెల్డెన్ అనే కేంద్రంలో చేరాడు, బయటికొచ్చాక మళ్ళీ జారిపడ్డాడు. 1987లో రెండోసారి చేరాడు. ఆ తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు. 1991లో నాలుగేళ్ళ కొడుకు న్యూయార్క్‌లో ఎత్తైన భవనం కిటికీలోంచి పడి చనిపోయినప్పుడు కూడా. తాగుబోతులున్న ఇళ్ళు చూసినవాళ్ళకి ఆ నిగ్రహం ఎంత పెద్దదో అర్థమవుతుంది.

అలాంటి చికిత్సకి బోలెడు డబ్బవుతుంది. క్లాప్టన్ కట్టుకోగలిగాడు. ఆంటిగ్వాలో హోటల్ పనివాడికో, జాలరికో ఆ అవకాశం లేదు. ఇంగ్లండ్ వాళ్ళు 1632లో ఆ దీవిని వలస చేసుకుని, ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చి చెరకు పండించారు. 1981లో గానీ స్వాతంత్ర్యం రాలేదు. క్రాస్‌రోడ్స్‌లో బయటి దేశాల వాళ్ళు ఫీజు కట్టి చేరతారు. కట్టలేని ఆంటిగ్వా వాళ్ళకీ, చుట్టుపక్కల దీవుల వాళ్ళకీ సంస్థే సాయం చేస్తుంది. గిటార్లు అమ్మింది దీనికోసమే.

మొదటి వేలం 1999 జూన్ 24న జరిగింది. 'లైలా' పాట వాయించిన బ్రౌనీ అనే గిటారు 4,97,500 డాలర్లు పలికింది. అది మైక్రోసాఫ్ట్ పాల్ ఆలెన్ సియాటిల్‌లో పెట్టిన సంగీత మ్యూజియానికి చేరింది. ఆ రోజు మొత్తం 50 లక్షల డాలర్లు దాటింది. రెండోది మనం చెప్పుకున్న 2004 వేలం, మొత్తం 74 లక్షలు. 1964 నుంచి దగ్గరుంచుకున్న ఎర్ర గిబ్సన్ గిటారు కూడా అందులోనే 8,47,500కి పోయింది. 2011లో బాన్‌హామ్స్ వాళ్ళ ద్వారా మూడో వేలం, ఇంకో 20 లక్షల పైచిలుకు.

ఇప్పుడు అసలు ప్రశ్న. దీన్ని ఏమనాలి?

మనకో సామెత ఉంది, ఆవుని చంపి చెప్పులు దానం చేసినట్టు అని. క్లాప్టన్ సంగతి విని చాలామంది అనే మాట ఇదే. ముందు తిట్టి, తర్వాత చందా ఇస్తే పుణ్యాత్ముడైపోతాడా? న్యాయమైన ప్రశ్నే. పైగా అతను ఆ మాటలకి వెంటనే లెంపలేసుకున్నదీ లేదు. ఏళ్ళ తరబడి పావెల్‌ని వెనకేసుకొచ్చాడు. 2017లో తన జీవితం మీద తీసిన డాక్యుమెంటరీలో గానీ సిగ్గుపడుతున్నానని గట్టిగా చెప్పలేదు. అంటే 1999, 2004 వేలాలు అయిపోయిన చాలా ఏళ్ళకి!

కాబట్టి ఆ గిటారుని క్షమాపణ కింద జమ కట్టకూడదు. క్షమాపణ అంటే నోరు తెరిచి చెప్పాలి, దానికి బదులు డబ్బు పనికిరాదు.

కానీ సామెతలో ఒక సంగతి తేలలేదు. చెప్పులు ఎవరికిచ్చాడు? ఆవు ఎవరిదో వాళ్ళకే ఇచ్చాడా, ఇంకెవరికో ఇచ్చాడా? నా మటుకు నాకు తేడా అక్కడే ఉంది. 2019 జూన్‌లో పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మోర్ తన గిటార్లు అమ్మి వచ్చిన 2 కోట్ల 14 లక్షల డాలర్లనీ వాతావరణ మార్పుల మీద పనిచేసే క్లయింట్ఎర్త్ అనే సంస్థకి ఇచ్చేశాడు. అతని బ్లాక్ స్ట్రాట్ ఒక్కటే 39,75,000 పలికింది, బ్లాకీకి నాలుగింతలు. అది దానం, గొప్ప దానం, అనుమానం లేదు. క్లాప్టన్‌ది అలాంటిది కాదు. బ్లాకీకి పలికిన ధరలో రాబర్ట్ జాన్సన్ వాటా ఉంది, మార్లే వాటా ఉంది, పేరు తెలియని ఎందరో నల్లజాతి కళాకారుల వాటా ఉంది. వాళ్ళెవరూ ఆ వేలం హాల్లో లేరు. ఆ డబ్బు నల్లజాతి వాళ్ళే ఎక్కువగా ఉండే ఒక కరీబియన్ దీవికి వెళ్ళిందంటే, ఇచ్చినవాడు అలా అనుకున్నా అనుకోకపోయినా, దాంట్లో కొంత బాకీ తీరినట్టే నేను లెక్కేసుకుంటాను. మొత్తం తీరిందని అనట్లేదు.

బాకీ తీర్చినవాడికి దండ వెయ్యక్కర్లేదు, రసీదు ఇస్తే చాలు. అలాగని తీర్చిన సొమ్ము తీర్చలేదనీ అనకూడదు. బర్మింగ్‌హామ్ మాటల్ని బ్లాకీ తుడిచెయ్యలేదు. ఆ మాటలున్నాయి కాబట్టి క్రాస్‌రోడ్స్‌లో మంచాలు అబద్ధం అయిపోవు. రెండూ వేరే వేరే ఖాతాలు. ఒక దాంట్లో నిలవని ఇంకో దాంట్లోకి మార్చడం కుదరదు. మన దగ్గర కూడా ఒక హీరోనో, ఒక నాయకుడో ఆస్పత్రి కట్టించాడనగానే పాతవన్నీ మర్చిపోయేవాళ్ళు కొందరు, పాతవి గుర్తుపెట్టుకుని ఆస్పత్రినే ఎగతాళి చేసేవాళ్ళు కొందరు. ఇద్దరూ కలిపి రాయకూడని రెండు ఖాతాల్ని కలిపేస్తున్నారు.

సెయింట్ జాన్స్‌లో ఒకావిడ మొగుడు తాగుడు మానేసి జీతం ఇంటికి తెచ్చాడనుకోండి. దానికి డబ్బు ఏ గిటారు నుంచి వచ్చిందో, దాన్ని వాయించినవాడు 1976లో ఏమన్నాడో ఆవిడకి తెలియకపోవచ్చు. తెలిసినా మానేసిన తాగుడు మానేసినట్టే. తెలుసుకుని, మర్చిపోకుండా ఉండాల్సింది పాటలు విని చప్పట్లు కొట్టే మనం.

ఏమంటారు?